దారానికి తగిన గాలి

నూలు మిల్లులోకి అడుగుపెట్టినవారి చూపు ముందుగా రింగ్ ఫ్రేముల మీద పడుతుంది. వందల స్పిండిళ్లు ఒక్క వేగంతో తిరుగుతుంటే చూడటానికి బాగుంటుంది, నిజమే. కానీ ఆ మిల్లు మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే పనితనం గోడ అవతల ఉంటుంది. గదంత పెట్టెలో నీటి జల్లు, దాని గుండా హోరున సాగే గాలి, పక్కన ఒక ఫ్యాను. హ్యుమిడిఫికేషన్ ప్లాంటు అంటారు దాన్ని. గుంటూరు చుట్టుపక్కల మిల్లుల్లో ఎండాకాలం దారం తెగకుండా నడుస్తోందంటే దాని చలవే.

పత్తికి తేమతో పెద్ద పట్టింపు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు పత్తి తన పొడి బరువులో 8.5 శాతం దాకా నీటిని పట్టి ఉంచుకుంటుంది. గాలి ఎండితే పోగు బిరుసెక్కుతుంది, రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది, నూగు లేస్తుంది, దారం తెగుతుంది. తేమ మితిమీరితే పోగులు రోలర్లకు చుట్టుకుంటాయి. అందుకే రింగ్ ఫ్రేముల దగ్గర ఆర్‌హెచ్ (సాపేక్ష తేమ) 55 నుంచి 60 శాతం మధ్య నిలపాలని చూస్తారు.

తేమ కావాలంటే నీళ్లు మరిగించి ఆవిరి వదిలితే సరిపోదా? సరిపోతుంది, బిల్లు కట్టగలిగితే. మామూలు నీటిని లీటరు ఆవిరి చేయడానికి సుమారు 0.72 యూనిట్ల కరెంటు కావాలి. గంటకు వెయ్యి లీటర్లంటే 720 యూనిట్లు. అదే లీటరును అధిక పీడనపు పంపుతో సన్నని తుంపరగా చల్లడానికి నాలుగైదు వాట్-గంటలు చాలు. అలాగని తుంపర ఆరిపోవడానికి వేడి అక్కర్లేదని కాదు. ఆవిరి కావడానికి నీటికి కావలసిన వేడి ఎలా చేసినా కావాల్సిందే. తేడా అంతా ఆ వేడిని కొంటున్నామా, చేతికందేచోట ఉన్నదాన్ని వాడుకుంటున్నామా అన్న దగ్గరే ఉంది. మిల్లులో వేడికి కరువా! మోటార్లు తాగిన కరెంటు దాదాపు అంతా చివరికి ఆ హాల్లో వేడిగానే తేలుతుంది.

గాలి నడిచే దారి వెంట వెళ్లి చూద్దాం. మే నెలలో బయట 42 డిగ్రీలు, తేమ 25 శాతం అనుకోండి. ఆ గాలి ఎయిర్ వాషర్‌లోని జల్లును దాటేసరికి తన వేడినే నీటికి ఇచ్చి 25, 26 డిగ్రీలకు దిగుతుంది. కిలో గాలికి ఆరేడు గ్రాముల నీరు చేరుతుంది. అప్పుడు తేమ దాదాపు నిండుగా, 95 శాతం దాకా ఉంటుంది. అంత తడి గాలి దారానికి పనికిరాదు. కానీ అది పైకప్పు దగ్గరి డక్టుల నుంచి హాల్లోకి దిగి, ఫ్రేముల వేడికి 33 డిగ్రీలకు ఎక్కేసరికి, ఉన్న నీరు ఉన్నట్టే ఉండగా ఆర్‌హెచ్ 60కి పడుతుంది. దారం కోరింది సరిగ్గా అదే. వదిలించుకోవలసిన వేడే ఇక్కడ తేమను కొలత ప్రకారం సర్దుతోంది. ఈ అమరిక గురించి ఎన్నిసార్లు ఆలోచించినా నాకు ముచ్చటే.

ఈ లెక్కను పట్టుకున్న మనిషి విల్లిస్ క్యారియర్. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కాగితం సాగకుండా, ముడుచుకోకుండా తేమను 55 శాతం దగ్గర నిలపడంతో ఆయన పని మొదలైంది. గాలిని నీటి జల్లుతో శుద్ధి చేసే పరికరానికి 1906 జనవరిలో పేటెంటు వచ్చింది. అదే ఏడాది నార్త్ కరోలినాలోని బెల్మాంట్‌లో క్రానికల్ కాటన్ మిల్లుకు ఆయన యంత్రం వెళ్లింది. వాషర్ వదిలే గాలి మంచు బిందువుకూ (అందులోని తేమ నీటి చుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతకూ) గది ఉష్ణోగ్రతకూ మధ్య తేడా మారకుండా ఉంచితే ఆర్‌హెచ్ కూడా ఇంచుమించు మారదని ఆ రోజుల్లోనే ఆయన గమనించాడు. పైన చెప్పిన 60 శాతానికి ఆ తేడా ఎనిమిదిన్నర, తొమ్మిది డిగ్రీలు. గది 27లో ఉన్నా 33లో ఉన్నా అది పెద్దగా మారదు. దీని మీద కట్టిన ఆటోమేటిక్ కంట్రోలుకు 1907 మేలో దరఖాస్తు పెడితే 1914లో పేటెంటు దక్కింది. అంటే తేమను కాపాడటానికి రెండు థర్మామీటర్లు చాలు! ఇంత సాదా ఉపాయం తట్టాలంటే గాలిని ఎంత ఓపికగా చూసి ఉండాలి!

ప్లాంటులో నాకు మరీ ఇష్టమైన భాగం ఎలిమినేటర్లు. వంపులు తిరిగిన పలకల వరస అది. వాటి మధ్య గాలి మెలికలు తిరిగి బయటపడుతుంది. బరువైన నీటి చుక్క మాత్రం ఆ మలుపు తిరగలేక పలకకు కొట్టుకుని, జారి తొట్టిలో పడుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. వంపు సరిగా కుదరకపోతే చుక్కలు హాల్లోకి దూసుకొస్తాయి, లేదా ఫ్యాను మీద భారం పెరుగుతుంది. కరెంటు ఎక్కువగా తినేది పంపు కన్నా ఫ్యానే. దాని వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే వేగపు ఘనాన్ని బట్టి శక్తి మారుతుంది. చల్లని రాత్రి కూడా ఫ్యానును పూర్తి వేగంతో తిప్పే మిల్లును చూస్తే నాకు బాధేస్తుంది.

రుతువును బట్టి గాలి దారులను తెరిచి మూసే డ్యాంపర్లు ఆడించడం వేరే నేర్పు. చలికాలంలో ఫ్రేముల కింది ట్రెంచి గుండా వెనక్కి వచ్చిన వెచ్చని గాలిని, ఫిల్టర్లో నూగు వదిలించి, బయటి గాలితో కలిపి మళ్లీ జల్లులోకి పంపుతారు. అప్పుడు నీటిని ఆవిరి చేసేది అచ్చంగా యంత్రాల వేడే. వానాకాలంలో బయటి గాలే తడిగా వస్తుంది. చాలా రోజులు పంపు ఆపేసినా తేమ నిలుస్తుంది.

ఆఫీసు భవనానికో డేటా సెంటరుకో తేమ యంత్రం ఎంచేవారు కూడా ఇదే అడగాలి: ఈ భవనంలో పారేస్తున్న వేడి ఉందా? సర్వర్ల గదిలో ఉంది. నడి చలికాలంలోనూ మధ్య భాగాన్ని చల్లబరచక తప్పని పెద్ద ఆఫీసులోనూ ఉంది. అక్కడ తుంపరే మేలు. చలిదేశంలో, బాయిలరుతో వేడెక్కించే భవనంలో తుంపర గాలిని చల్లబరుస్తుంది. ఆ లోటును బాయిలరే పూడ్చాలి కనుక పంపు దగ్గర కనబడ్డ ఆదా గ్యాసు బిల్లులో చాలావరకు కరిగిపోతుంది. తుంపర పెట్టినచోట తొట్టి, నాజిళ్లు శుభ్రంగా ఉంచాలి. నిలవ నీటిలో లెజియోనెల్లా పెరిగితే తుంపరతో పాటే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మరిగిన ఆవిరితో ఆ భయం ఉండదు. అందుకే ఆపరేషన్ థియేటరు కోసం ఆవిరి మీద పెట్టే కరెంటు ఖర్చును నేను దండగ అనను.