హంతకుడి అడుగుల వెంటే నడవాలా?

ఆ మధ్య ఒక సదస్సుకని లండన్ వెళ్లినప్పుడు, అక్కడే ఉద్యోగాలు చేస్తున్న ఇద్దరు స్నేహితురాళ్లు నన్ను సాయంత్రం పూట వైట్‌చాపెల్ వీధుల్లో గైడ్ వెంట తిరిగే 'జాక్ ది రిప్పర్' నడకకి తీసుకెళ్లారు. 1888లో అయిదుగురు స్త్రీలను చంపి చివరికి దొరక్కుండా పోయిన హంతకుడికి స్థిరపడిపోయిన పేరది. దేన్నైనా ఒక పాఠంగా చదవడం సాహిత్య విద్యార్థులకు అంటుకున్న జబ్బు కదా! ఆ నడకని కూడా అలాగే చదివాను.

గైడ్ మంచి మాటకారి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో బాగా తెలుసు. ప్రతి మజిలీలోనూ చనిపోయిన స్త్రీ పేరు ఒకసారి చెప్పాడు. 'వేశ్య' అన్నాడు. ఆ తర్వాత అంతా గాయాల వర్ణనే. శవాగారంలో తీసిన ఫోటోలు చూపిస్తే అందరం ముందుకు వంగి చూశాం. వంగిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఈ మాట దాచి ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు.

ఈ కథనంలో కర్త ఎవరు? హంతకుడే. నడిచేది, నక్కేది, తప్పించుకునేది అతనే. స్త్రీలు కేవలం దొరుకుతారు. ఎవరో తెలియని ఆ మగవాడికి డాక్టరు, చిత్రకారుడు, రాకుమారుడు అంటూ ఎన్నెన్నో అస్తిత్వాలు ఊహించి పెట్టారు. పేర్లు, ఊళ్లు, పిల్లలు అన్నీ తెలిసిన ఆ స్త్రీలకి మాత్రం ఒక్క మాటే మిగిల్చారు.

చరిత్రకారిణి హ్యాలీ రూబెన్‌హోల్డ్ 2019లో వెలువరించిన 'ది ఫైవ్' ఈ కథనాన్ని తలకిందులు చేసింది. హత్యల్ని దాదాపు పక్కన పెట్టి బతుకుల్ని చెప్పింది. మేరీ ఆన్ నికోల్స్ ఒక కమ్మరి కూతురు. ఆనీ చాప్‌మన్ భర్త గుర్రపు బండి తోలేవాడు. స్వీడన్ నుంచి వచ్చిన ఎలిజబెత్ స్ట్రైడ్ భర్తతో కలిసి కాఫీ హోటల్ నడిపింది. కేథరిన్ ఎడోస్ సహచరుడితో కలిసి ఊరూరా పాటల పుస్తకాలు అమ్మింది. నికోల్స్, చాప్‌మన్, ఎడోస్ వేశ్యావృత్తిలో ఉన్నారనడానికి గట్టి ఆధారమే లేదని ఆమె వాదన. ఆ వృత్తిలో ఉన్న మేరీ జేన్ కెల్లీ ప్రాణం మాత్రం తక్కువదా? ఆ ప్రశ్నని కూడా ఈ పుస్తకం వదిలెయ్యదు.

అదే 1888 జులైలో, ఆ వీధులకి ఎంతో దూరం లేని బౌ ప్రాంతంలో బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో దాదాపు 1,400 మంది స్త్రీలు, బాలికలు సమ్మె చేసి గెలిచారు, సంఘం పెట్టుకున్నారు. మా గైడ్ ఆ ఏడాది గురించి రెండు గంటలు మాట్లాడాడు గానీ వీళ్ల ఊసే ఎత్తలేదు. స్త్రీల వైపు నుంచి ఈ చరిత్రని చెప్పే నడకలు ఇప్పుడు లండన్‌లో లేకపోలేదు. కానీ జనం మూగేది రిప్పర్ పేరు చుట్టూనే.

అంతా అయ్యేసరికి రాత్రి పది దాటింది. ట్యూబ్ స్టేషన్ దగ్గర విడిపోతూ, "ఇల్లు చేరగానే మెసేజ్ పెట్టవే" అంది ఒక స్నేహితురాలు. హైదరాబాద్‌లోనూ ఇదే మాట చెప్పుకుని విడిపోతాం. అక్కడైనా ఇక్కడైనా ఒక స్త్రీ మీద దాడి జరిగితే ముందుగా వచ్చే ప్రశ్న కూడా ఒకటే: ఆ వేళప్పుడు ఆమె అక్కడెందుకుంది?

నికోల్స్ విషయంలో దానికి జవాబుంది. ఆ రాత్రి సత్రంలో పడకకి కావాల్సిన నాలుగు పెన్నీలు ఆమె దగ్గర లేవు. లేవని బయటికి పంపేశారు. మా నడక ఆ సత్రం దగ్గర ఆగలేదు. ఆగి ఉంటే హంతకుడెవరన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు చాలా వచ్చేవి.