తప్పును కొలిచి గీసిన బొమ్మ

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మచిలీపట్నం నుంచి నాగాయలంక దాకా ఒకటే ప్రశ్న: ‘ఎక్కడ దాటుద్దంట?’ దానికి భారత వాతావరణ శాఖ ఇచ్చే జవాబుల్లో ఒకటి ఓ బొమ్మ. ఎన్నిసార్లు చూసినా తనివి తీరని పనితనం అది.

తుపాను ఇప్పుడున్న చోట ఒక చుక్క. అక్కణ్ణుంచి తీరం వైపు ఒక గీత. ఫలానా గంటకు కేంద్రం ఇక్కడికి చేరుతుందని గీత పొడవునా మరికొన్ని చుక్కలు. అంతటితో ఆపేయవచ్చు. ఆపరు. గీతకు అటూ ఇటూ గరాటులా విచ్చుకునే రంగు పట్టీ వేస్తారు. నేర్పంతా ఆ పట్టీలోనే ఉంది. దాని వెడల్పు ఎవరో ఉజ్జాయింపుగా వేసింది కాదు. వెనకటి తుపాన్లలో తమ అంచనా ఏ గడువుకు ఎన్ని కిలోమీటర్లు తప్పిందో లెక్కగట్టి, ఆ కొలతతో గీసింది. అందుకే రేపటి దగ్గర సన్నగా, ఎల్లుండి దగ్గర వెడల్పుగా ఉంటుంది. తన తప్పును తానే కొలిచి ఊరందరికీ చూపించే నిజాయితీ అది.

దాన్ని చదవడంలోనే మనం పొరబడతాం. పట్టీ చెప్పేది తుపాను కేంద్రం సంగతే. గాలి, వాన, ఉప్పెన దాన్ని దాటిపోతాయి. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల, నిజాంపట్నం వైపు. ఉప్పెన ముంచింది దివిసీమను. మన దగ్గర తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కేంద్రం కదిలే దారికి కుడిపక్కన పడిన దివిసీమ మీదికి ఆ గాలే సముద్రాన్ని తోసింది. వేల ప్రాణాలు పోయాయి.

‘పోయినసారి ఊరికే ఖాళీ చేయించారు’ అనే మాటా వింటాం. తుపాను వచ్చే అవకాశం పదిలో మూడు పాళ్లు అన్నప్పుడు ఏడుసార్లు రాకపోవడం కూడా ఆ మాటలోనే ఉంది. పైగా ఆ మూడు పాళ్లు అందరికీ ఒక్కటి కావు. గుడివాడ రైతుకు వరి పనల మీదుంటే, కుప్ప వేయడానికి అయ్యేది కూలి. వేయకపోతే పోయేది పంట. గిలకలదిండిలో పడవ కట్టేస్తే పోయేది ఒక వేట. కట్టకపోతే పోయేది మనిషి. అవకాశాన్ని నష్టంతో కలిపి తూచినవాడే బొమ్మను సరిగ్గా చదివినట్టు.

ఈసారి ఆ బొమ్మ ఫోనులో కనబడితే, ఎక్కడ దాటుద్దంట అనే ప్రశ్న వెంటనే ఇంకోటి కూడా అడగాలి: మనం ఆ గీతకు ఏ పక్కన ఉన్నాం?