పది గీతలు

ఈ వారం రాజంపేటలో మా మామ ఇంటి అరుగు మీద వినపడ్డ ఒక మాట నాకు మంట పుట్టించింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన పక్కింటి కుర్రాడు ఫోన్‌లో వీడియో చూపిస్తున్నాడు. 2023 నవంబరులో జాబర్ అల్ అహ్మద్ స్టేడియంలో మన్వీర్ సింగ్ గోలు కొట్టగా మనం కువైట్‌ను 1-0తో ఓడించిన ఫుట్‌బాల్ మ్యాచ్ అది. గ్యాలరీ నిండా మనవాళ్ల కేకలే. "ఈ కువైట్ టీమ్ ఎప్పుడూ ఇంతే పెద్దనాయనా. వాళ్లు ఏం గెలిచినారని?" అన్నాడు.

మామ మాట్లాడలేదు. లోపలికిపోయి బీరువాలోంచి ఒక జేబు పుస్తకం తెచ్చి వాడి ఒళ్లో పెట్టాడు. "చివరి కాగితం తియ్యి. లెక్కబెట్టుకో" అన్నాడు.

పాల లెక్కకు గీసినట్టు గీతలు. నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డగీత. పక్కన ఇంకో కట్ట, అదే తీరు. మొత్తం పది. కువైట్ గెలిచిన గల్ఫ్ కప్పులు.

పాత కప్పుల లెక్కంటే నాకెంత చిరాకో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. కోచ్ రహీం సాబ్ కాలం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కాలం అని ఎవరైనా నిట్టూరిస్తే, తాతలు తాగిన నేతికి మన మూతులు వాసన చూసుకుంటూ కూర్చుంటే ఇవాళ్టి పిల్లలకు గ్రౌండ్ ఎవరిస్తారని ఎన్నిసార్లు రాశానో. అందుకే ఆ రోజు కుర్రాడి మాట ఎంత నచ్చలేదో, మామ పుస్తకమూ అంతే నచ్చలేదు. దాన్ని చేతిలోకి తీసుకునేదాకా.

మామ 1984లో కువైట్ వెళ్లాడు, ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా. సాయంత్రం దీవానియాలో, అంటే ఆ ఇంటి కచేరీ గదిలో, మగవాళ్లంతా చేరి మ్యాచ్ చూస్తుంటే, గహ్వా (అరబ్బు కాఫీ) అందిస్తూ తలుపు దగ్గర నిలబడి ఈయనా చూసేవాడు. నీలం చొక్కాల ఆ జట్టును వాళ్లు 'అల్ అజ్రఖ్' అంటారు, నీలం రంగువాళ్లని. మొదటి ఐదు గీతలూ ఆ ఇంటి పెద్దాయన చెప్పగా గీసినవే. 1970లో బహ్రెయిన్‌లో నాలుగు జట్లతో ఈ గల్ఫ్ దేశాల టోర్నీ మొదలైతే గెలిచింది కువైటే. తర్వాత 1972, 1974, 1976 కూడా వాళ్లవే. 1979లో ఇరాక్ గెలిచింది. 1982లో మళ్లీ కువైట్. ప్రపంచకప్ గెలిపించిన బ్రెజిల్ కోచ్ జగాలో వచ్చి ఆ జట్టుకు ఆట నేర్పిన రోజులవి. ఆయన తర్వాత పరేరా వచ్చాడు. 1980లో ఆసియా కప్ గెలిచారు, 1982లో ప్రపంచకప్ ఆడారు. గల్ఫ్ కప్‌లో అందరికన్నా ఎక్కువగా 18 గోల్స్ కొట్టిన జాసిం యాకూబ్ ఆ తరంవాడే.

1986 గీత మామ కళ్లతో చూసి గీసింది. ఆ తర్వాతది 1990.

ఆ గీత దగ్గర నా వేలు ఆగింది. ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో టోర్నీ కువైట్‌లోనే జరిగింది. సౌదీ రాలేదు. ఇరాక్ వచ్చి, అలిగి మధ్యలోనే వెళ్లిపోయింది. కప్పు కువైట్‌దే. వీధుల్లో కార్ల హారన్లు తెల్లారేదాకా ఆగలేదని మామ ఇప్పటికీ చెబుతాడు. ఐదు నెలలకే, ఆగస్టు 2 తెల్లవారుజామున, అవే వీధుల్లోకి ఇరాక్ ట్యాంకులొచ్చాయి. 1982 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ గోలు ఒప్పుకోనని స్టాండ్స్‌లోంచి మైదానంలోకి దిగి, దాన్ని రద్దు చేయించిన షేక్ ఫహద్ ఆ రోజే దస్మాన్ ప్యాలెస్ దగ్గర ప్రాణం విడిచాడు.

మామ ఆచూకీ మాకు నెలన్నర తెలియలేదు. అమ్మ రోజూ పోస్టాఫీసు దాకా వెళ్లి వచ్చేది. లక్షన్నరకు పైగా భారతీయులను అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చారు కదా, అందులో ఆయనొకడు. గడ్డం మాసి, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో దిగాడు. ఆరేళ్ల కష్టంలో మిగిలింది పాస్‌పోర్టు, ఇంటికి పంపిన డబ్బు లెక్క రాసుకున్న ఈ జేబు పుస్తకం. చెమటకు తడిసి అంకెలు అలుక్కుపోయాయి. చివరి కాగితం మీద ఏడు గీతలు మాత్రం నిలిచాయి.

యుద్ధం ముగిశాక మళ్లీ వెళ్లాడు. 1996లో మస్కట్‌లో, 1998లో బహ్రెయిన్‌లో కువైట్ గెలిచింది. నూనె బావులు తగలబడి, ఊళ్లు దోపిడీకి గురైన దేశం ఆరేళ్లు తిరక్కుండానే కప్పెత్తింది. ఎనిమిదో గీత మిగతావాటికన్నా లావుగా ఉంది. పెన్ను రెండుసార్లు తిప్పాడు.

పదోది 2010లో, యెమెన్‌లోని ఏడెన్‌లో. ఫైనల్ అదనపు సమయంలో వలీద్ అలీ గోలుతో సౌదీ మీద 1-0. ఆ తర్వాత ఖాళీ కాగితమే.

మొదటి పద్నాలుగు టోర్నీల్లో తొమ్మిది కప్పులు, ఆ తర్వాతి పన్నెండింటిలో ఒకటి. చుట్టుపక్కల దేశాలు ప్రొఫెషనల్ లీగులు కట్టుకుంటుంటే కువైట్‌లో క్రీడా సంఘాలకూ ప్రభుత్వ చట్టాలకూ తగువు తెగలేదు. 2015 నుంచి 2017 దాకా ఫిఫా ఏకంగా సస్పెండ్ చేసింది. అంతకు ముందే, 2014లో రియాద్‌లో ఒమన్ చేతిలో 0-5తో ఓడారు. మిగతా ఎవరికీ నాలుగుకు మించి కప్పులు లేవు. అయినా కువైట్‌ను చూసి భయపడేవాళ్లు లేరు.

చూశారా, పాత కప్పుల లెక్క ఎవరినీ గెలిపించదని రాయడానికి ఇంతకన్నా సాక్ష్యం దొరకదు. ఈ వారం అదే రాద్దామని కూర్చున్నాను కూడా. కానీ బహ్రెయిన్ అడ్డం వచ్చింది.

ఆ మొదటి టోర్నీ పెట్టింది బహ్రెయినే. దానికి మొదటి కప్పు దక్కింది 2019లో. దాదాపు యాభై ఏళ్లు వాళ్ల లెక్క సున్నా. రెండో స్థానం దాకా వచ్చి వెనుదిరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఆ సున్నాను వాళ్లు మరిచిపోలేదు. గత టోర్నీ కువైట్‌లో జరిగితే సెమీఫైనల్లో ఆతిథ్య జట్టునే 1-0తో ఓడించి, 2025 జనవరిలో రెండో కప్పూ పట్టుకుపోయారు. లెక్క రాసుకోవడం వాళ్లను కూర్చోబెట్టలేదు, లేపి నిలబెట్టింది.

మామను అడిగాను, ఇన్నేళ్లుగా ఎందుకు దాచావని. "పది గెలిచినోళ్లని తెలిస్తే గదరా, అయిదు గోల్స్‌తో ఓడిన్నాడు సిగ్గయ్యేది! తెలీనోనికి ఓటమి కూడా మామూలే" అన్నాడు, కుర్రాడి వైపు చూస్తూ.

ఇన్నేళ్లూ నేను తిట్టింది తప్పు రోగాన్ని. మనవాళ్లను చెడగొట్టింది జ్ఞాపకం కాదు, మరుపు. హైదరాబాద్ గ్రౌండ్లు ఒక్కొక్కటే పోతుంటే ఎవరికీ గుండె కలుక్కుమనలేదంటే, అక్కడ ఏం జరిగిందో తెలిసినవాళ్లు లేకపోవడం వల్లే.

ఇంటికొచ్చి నా డైరీ చివరి కాగితం తీశాను. 1950, 51, 52, 53. నాలుగు నిలువు గీతలు. 54కు అడ్డగీత. సిటీ పోలీస్ జట్టు వరుసగా గెలిచిన ఐదు రోవర్స్ కప్పులు. పక్కన ఇంకో కట్టకు చోటు వదిలాను.