సాక్షులకు చెప్పిన మాట: డెన్వర్ క్షయరోగుల గురించిన ఉత్తరాలపై ఒక పరిశీలన

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ పట్టణానికి పడమటి వైపున, 1904 సెప్టెంబరులో కొన్ని గుడారాలతో ఒక క్షయ చికిత్సాలయం ప్రారంభమైంది. దానిని నడిపిన సంస్థ పేరు జూయిష్ కన్సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ. తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన సామాన్య యూదులు చిన్న చిన్న చందాలతో దానిని స్థాపించారు. 1954లో క్యాన్సర్ వైపు మళ్ళేంత వరకు అక్కడ సుమారు 10,000 మంది క్షయరోగులు చికిత్స పొందారు. వారి దరఖాస్తులు, వైద్యుల నివేదికలు, వారిని గురించి నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఇప్పుడు డెన్వర్ విశ్వవిద్యాలయపు బెక్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చరిత్రకారులు వీటిని చదివారు. తాతముత్తాతల జాడ వెదికేవారూ చదువుతున్నారు. వేదాంత విద్యార్థులు మాత్రం ఇటువైపు రావడం అరుదు. ఈ ఉత్తరాలను సాక్ష్యాలుగా చదవాలని, ఆ సంస్థ తన ముద్రపై వేసుకున్న ధ్యేయవాక్యమే అందుకు దారి చూపుతోందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నేపథ్యం కొంత అవసరం. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని గుర్తించినా, 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికే వరకు ఈ వ్యాధికి సరైన మందు లేదు. విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, పొడి గాలి: ఇవే చికిత్స. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం చరిత్ర తెలిసిన పాఠకులకు ఈ పద్ధతి కొత్త కాదు. గాలి కోసం రోగులు డెన్వర్‌కు తరలివచ్చారు. చేతిలో డబ్బు లేనివారు, తిరుగు ప్రయాణానికి దారి లేనివారు వారిలో ఎందరో. వారి కోసం అక్కడ 1899లోనే నేషనల్ జూయిష్ హాస్పిటల్ తెరిచారు. అది ఉచిత వైద్యశాల, డబ్బున్నవారికి ప్రవేశం లేదు. అయితే తొలి సంవత్సరాలలో అది వ్యాధి ప్రారంభదశలో ఉన్నవారినే చేర్చుకునేది, ఆరు నెలల గడువు పెట్టేది. యూదుల ఆహార నియమాల ప్రకారం వంట కూడా అక్కడ లేదు. రిలీఫ్ సొసైటీ ఈ మూడింటికీ ఎదురు నిలిచింది. ముదిరిన రోగులను చేర్చుకుంది, కోషర్ వంటశాల పెట్టింది, యిద్దిష్ భాషకు చోటిచ్చింది. యూదేతరులకు కూడా తలుపు మూయలేదు.

ఈ భేదాన్ని చరిత్రకారులు సాధారణంగా రెండు వర్గాల భేదంగా వివరిస్తారు. ఒకవైపు జర్మనీ మూలాలు గల, స్థిరపడిన, సంస్కరణవాద యూదులు. మరోవైపు రష్యా నుండి కొత్తగా వచ్చిన, సంప్రదాయనిష్ఠులో సామ్యవాదులో అయిన పేదలు. సొసైటీ కార్యదర్శి డాక్టర్ చార్లెస్ స్పైవాక్ జీవితంపై జీన్ ఏబ్రమ్స్ 2009లో ప్రచురించిన గ్రంథం ఈ కథను శ్రద్ధగా చెబుతుంది. ఆ వివరణ తప్పు కాదు గాని చాలదు. పేదరికం, పుట్టిన ఊరు మాత్రమే కారణాలైతే ఆ సంస్థ ఈ ధ్యేయవాక్యాన్నే ఎందుకు ఎన్నుకున్నట్టు?

ఒక ప్రాణాన్ని రక్షించినవాడు లోకమంతటినీ రక్షించినవానితో సమానుడనే ఈ మాట మిష్నాలోని సన్హెద్రిన్ భాగం, నాలుగవ అధ్యాయానిది. మన ప్రసంగాలలో కూడా అప్పుడప్పుడు వినబడుతుంది. కాని అది వైద్యులకు గాని దాతలకు గాని చెప్పినది కాదు. మరణశిక్ష పడగల నేరంలో సాక్ష్యం చెప్పడానికి వచ్చినవారిని న్యాయసభ హెచ్చరించే సందర్భమది. ఊహతో మాట్లాడవద్దు, మరొకరి నోట విన్నది చెప్పవద్దు అని రబ్బీలు వారిని భయపెడతారు. కయీను కథను ముందుంచుతారు. ఆదికాండము 4:10లో హెబ్రీ మూలం రక్తాన్ని బహువచనంలో చెబుతుంది; మన తెలుగు బైబిలులో అది ఏకవచనమైంది. ఆ బహువచనంలో రబ్బీలు హేబెలు రక్తంతోపాటు అతనికి పుట్టవలసిన సంతతి రక్తాన్ని కూడా చూశారు. కాబట్టి సాక్షి పలికే మాట మీద ఒక మనిషి మాత్రమే కాదు, అతని వెనుక ఉన్నవారందరూ ఆధారపడి ఉన్నారు.

ఇప్పుడు ఉత్తరాలకు వద్దాం. రోగి సాధారణంగా వేల మైళ్ళ దూరంలో, న్యూయార్క్ వంటి నగరంలోని ఇరుకు గదిలో ఉంటాడు. అతని గురించి వ్రాసేది స్థానిక వైద్యుడు, దాతృత్వ సంఘం గుమాస్తా, బంధువు. నిర్ణయించేవారు అతని ముఖం చూడలేదు. వ్యాధి ఏ దశలో ఉందన్న ఒక్క మాట మీద మంచం దొరకడం, దొరకకపోవడం ఆధారపడినప్పుడు, ఆ మాట వ్రాసే వైద్యుని చేయి వణకకుండా ఉంటుందా? ప్రారంభదశ అన్న నియమం జాలి గల వైద్యుణ్ణి అబద్ధసాక్ష్యానికి పురికొల్పుతుంది, నిజాయితీ గల వైద్యుణ్ణి తలారిని చేస్తుంది. ఈ దృష్టితో చూస్తే ఆ నియమాన్ని ఎత్తివేయడం కేవలం దయ కాదు, సాక్షిని విడిపించడం కూడా.

ఆ నియమం పెట్టినవారిని కఠినులని తేల్చివేయడం కూడా న్యాయం కాదు. మంచాలు కొద్ది. బ్రతకగలవాని మంచం మీద బ్రతకలేనివాడు పడుకుంటే ఇద్దరూ పోతారన్న వాదనను తేలికగా త్రోసివేయలేము. ఆ వాదనకు రిలీఫ్ సొసైటీ ఇచ్చిన జవాబు ఏమిటి? జవాబు ధ్యేయవాక్యపు క్రియాపదంలోనే ఉందని నాకు తోస్తుంది. రక్షించుట అని మనం అనువదించే ఆ హెబ్రీ క్రియకు మూలధాతువు 'కూమ్', అనగా లేచుట, నిలుచుట. మార్కు 5:41లో యాయీరు కుమార్తెతో ప్రభువు పలికిన అరామిక్ మాట 'కుమీ'లో ఉన్నది ఈ ధాతువే. మిష్నాలో దాని భావం ప్రాణాన్ని నిలుపుట. తెలుగులో ఇంత దగ్గరి మాట ఉండడం మన అదృష్టం. స్వస్థత అసాధ్యమైనవానిని కూడా కొంతకాలం నిలపవచ్చు: తన భాషలో, తన తిండితో, తనవారి మధ్య. అలా నిలిచినవారు చాలామంది తరువాత గోల్డెన్ హిల్ శ్మశానంలో సమాధి చేయబడ్డారు. సొసైటీ దానిని ఓటమిగా లెక్కించలేదు.

అయినా మిష్నా హెచ్చరికను ఈ ఉత్తరాలపైకే త్రిప్పితే సొసైటీ కూడా పూర్తిగా తప్పించుకోలేదు. వీటిలో చాలామట్టుకు రోగి ప్రథమ పురుషలోనే ఉంటాడు. అతడు ఇలాంటివాడు, అతని కుటుంబం ఇలాంటిది అని ఇతరులు చెబుతారు. గుమాస్తా వ్రాసినది తరచుగా విన్న మాటే, అనగా సన్హెద్రిన్ నిషేధించినదే. రోగి తానే వ్రాసిన కాగితం, అదీ యిద్దిష్‌లో, దొరికినచోట పరిశోధకుడు ఆగాలి. స్పైవాక్‌కు ఆ భాష విలువ తెలుసు. క్షయతో డెన్వర్‌కు వచ్చిన కవి యెహోయాష్‌తో కలిసి, యిద్దిష్‌లోని హెబ్రీ, అరామిక్ పదాలకు 1911లో నిఘంటువు కూర్చినవాడాయన.

సంఘకాపరులకు ఇది దూరపు విషయం కాదు. ఆసుపత్రికో, దాతకో, అధికారికో ఒక రోగి గురించి సిఫారసు ఉత్తరం వ్రాయని కాపరి మనలో ఎవరు? ఇంటికి వెళ్ళి చూడకుండా, పెద్దలు చెప్పినది విని వ్రాసినవి అందులో ఎన్ని?

స్పైవాక్ 1927లో మరణించాడు. తన శరీరాన్ని వైద్యకళాశాలకు పంపాలని, యూదు విద్యార్థులు, యూదేతర విద్యార్థులు సమాన సంఖ్యలో దానిని కోసి పరీక్షించాలని, ఆపై అస్థిపంజరాన్ని బోధన కోసం యెరూషలేములోని విశ్వవిద్యాలయానికి పంపాలని వీలునామాలో కోరాడు. వెంటనే, చెక్కుచెదరకుండా సమాధి చేయాలనే సంప్రదాయంలో పుట్టినవాని కోరిక ఇది. వేలమంది దేహాల గురించి కాగితాలు నడిపిన కార్యదర్శి, తన దేహం గురించి మాత్రం ఇతరుల సాక్ష్యానికి చోటివ్వక తానే వ్రాసిపెట్టాడు.