వైఫై బిగించే నేర్పు
బట్టల కొట్లో బిల్లింగ్ కంప్యూటర్లు వైర్ల మీద నమ్మకంగా నడుస్తుంటాయి. వాటి జోలికి పోకుండా వైఫై కలపడంలోనే నెట్‌వర్క్ టెక్నీషియన్ల పనితనం ఉంది. స్విచ్ నుంచి 100 మీటర్లు మించకుండా కేబుల్ లాగి, సీలింగ్‌కు వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్ బిగిస్తారు. పీఓఈ స్విచ్ ఉంటే కరెంటూ ఆ కేబుల్లోనే వెళ్తుంది. యాక్సెస్ పాయింట్‌గా పాత రౌటర్నే వాడాల్సివస్తే ముందు దానిలో ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేస్తారు. లేకపోతే ఒకే ఐపీ అడ్రసు రెండు యంత్రాలకు పడి బిల్లింగే ఆగిపోవచ్చు. చుట్టుపక్కల సిగ్నళ్లు చూసి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్లలో రద్దీ తక్కువున్నదాన్ని ఎంచుతారు. కొనేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుచేసి, కొట్టు లెక్కలను కాపాడతారు. బేరం ఆగకుండా ఇదంతా చేసేవాళ్లకు కూలితో పాటు గౌరవమూ దక్కాలి.