సులువైన శిఖరం

పర్వతారోహణ సాహిత్యంలో ఒక పాత హాస్యోక్తి ఉంది. ఆల్బర్ట్ మమ్మరీ 1895లో అచ్చయిన తన పుస్తకంతో దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతి శిఖరానికీ మూడు దశలుంటాయట. మొదట ఎవరికీ అందనిది, తర్వాత అన్నిటికన్నా కష్టమైనది, చివరికి ఆడవాళ్ళు సైతం హాయిగా ఒక పగట్లో ఎక్కి దిగేది! ఇది నవ్వి ఊరుకునే మాట కాదు. ఎక్కింది స్త్రీ అయితే కొండ ఎత్తే తగ్గిపోతుందనే కొలమానం. ఏ పనైనా మన చేతికి రాగానే దాని విలువ ఎలా పడిపోతుందో మనకి తెలియంది కాదు.

తమాషా ఏమిటంటే, అదే పుస్తకంలో ఒక అధ్యాయం ఆయన భార్య మేరీ మమ్మరీ రాసింది. 1887లో ఆల్ప్స్‌లోని టాష్‌హార్న్ శిఖరాన్ని టోయిఫెల్స్‌గ్రాట్ అనే రాతిగట్టు మీదుగా మొదటిసారి ఎక్కిన బృందంలో ఆమె ఉంది. స్త్రీలు తేలికపాటి మంచువాలులు దాటి ముందుకెళ్తే చాలు, ఎలాంటి దురభిప్రాయాలు తలెత్తుతాయో ఆమె అధ్యాయం మొదట్లోనే చెప్తుంది. లోకానికి మాత్రం భర్త చమత్కారమే గుర్తుండిపోయింది.

నేపాల్‌లోని ఇమ్జా త్సే గురించి చదువుతుంటే నాకు ఆ మూడు దశలే కనిపించాయి. (నేను కొండలెక్కేదాన్ని కాను. మెట్లెక్కితేనే మోకాళ్ళు పట్టేస్తాయి. పుస్తకాల్లోనే ఎక్కుతాను.) ఎవరెస్టు దారిలో, దింగ్‌బోచే నుంచి చూస్తే మంచు సముద్రంలో దీవిలా ఉందని 1950ల మొదట్లో బ్రిటిష్ ఆరోహకులు దానికి ఐలాండ్ పీక్ అని పేరు పెట్టారు. 1983లో ఇమ్జా త్సే అన్న పేరు అధికారికమైనా ఆ పేరు వదల్లేదు. 1953లో ఎవరెస్టు బృందం సాధన కోసం దాన్ని మొదటిసారి ఎక్కింది. చాలాచోట్ల ఆ చరిత్ర ఒక్క వాక్యమే: ఎవాన్స్, గ్రెగరీ, వైలీ, టెన్జింగ్, ఇంకా కొందరు షెర్పాలు. ఆ "ఇంకా కొందరు" దగ్గర నేను ఆగిపోతాను.

ఇప్పుడది "ట్రెక్కింగ్ శిఖరం". నిజానికి ఈ మాట అనుమతుల తరగతికి సంబంధించింది, కష్టానికి కాదు. ఎత్తు 6,100 మీటర్లకు పైనే. చివర్లో నిటారు మంచుగోడ. బూట్లకి ఇనుప ముళ్ళు తొడుక్కుని, తాడు పట్టుకుని ఎక్కాలి. ఆ తాడు కట్టేదీ, బరువులు మోసేదీ, తెల్లవారకముందే టీ కాచిచ్చేదీ షెర్పాలూ ఇతర నేపాలీ శ్రామికులూ. వాళ్ళ శ్రమ కనపడకపోతేనే కొండ సులువవుతుంది. ఆడవాళ్ళ పనీ, కూలివాళ్ళ పనీ ఒకే కలంపోటుతో మాయమవడం యాదృచ్ఛికం అనుకోను.

దీనికి ఎదురుగా "టెంట్స్ ఇన్ ది క్లౌడ్స్" (1956) చదవాలి. మోనికా జాక్సన్, ఎలిజబెత్ స్టార్క్ కలిసి రాసిన పుస్తకమిది. 1955లో వీళ్ళిద్దరూ, ఎవెలిన్ కామ్రాస్ కలిసి నేపాల్‌లోని జుగల్ హిమాల్‌కి వెళ్ళారు. హిమాలయాలకు వెళ్ళిన మొదటి మహిళా బృందం వాళ్ళదే. అప్పటిదాకా ఎవరూ ఎక్కని ఒక శిఖరాన్ని ఎక్కి, దానికి తమ సర్దార్ మింగ్మా గ్యాల్గెన్ పేరు పెట్టారు. తమ పేర్లు కాదు, రాణిగారి పేరూ కాదు. నాకు నచ్చింది. అయినా ఇంకొకరి నేల మీది కొండకి పేరు పెట్టే హక్కు తమకుందనుకోవడంలో వాళ్ళూ ఆ కాలపు మనుషులే.

మరి షెర్పా స్త్రీ? ఆమె బరువులు మోస్తూ కథ అంచుల్లో కనిపిస్తుంది. ఎవరెస్టు ఎక్కిన మొదటి నేపాలీ మహిళ పాసాంగ్ ల్హాము 1993 ఏప్రిల్ 22న శిఖరం చేరి, దిగుతూ దారిలో చనిపోయింది. తర్వాత 7,351 మీటర్ల జసాంబా శిఖరానికి ఆమె పేరు పెట్టారు. అది ట్రెక్కింగ్ శిఖరాల జాబితాలో లేదు.