నలభై తొమ్మిదికి పదహారు తోడు

పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యుడు. ఆ కాలంలోనే, 1968 నుంచి 1974 వరకు, తెలుగు అకాడమీ అధ్యక్షుడు కూడా. ఇంటర్మీడియట్ చదువుకు తెలుగులో పుస్తకాలు తెచ్చిన సంస్థ అది. ఆ పుస్తకాల్లో, మొదటి సంవత్సరం గణితంలోని గణితానుగమనం అధ్యాయంలో తెలుగు రాష్ట్రాల ఎం.పి.సి. పిల్లలకు ఏళ్లుగా ఎరుకైన లెక్క ఒకటుంది. పరీక్షలో దానికి ఏడు మార్కులు ఉండేవి. ఆ మార్కుల కోసం దాన్ని బట్టీ పట్టి వదిలేస్తే, అందులోని పనితనం కంటబడదు.

లెక్క ఇది: 49 యొక్క ఎన్‌వ ఘాతానికి 16 ఎన్ కలిపి, 1 తీసెయ్యాలి. ఎన్ ఏ ధన పూర్ణాంకమైనా, వచ్చిన సంఖ్యను 64 నిశ్శేషంగా భాగిస్తుందని రుజువు చెయ్యాలి.

ఎన్ 1 అయితే 49 + 16 − 1 = 64. 2 అయితే 2401 + 32 − 1 = 2432, అంటే 64 × 38. 3 అయితే 1,17,696. అది 64 × 1839. ఇలా వెయ్యి దాకా చేసినా వెయ్యిన్నొకటి మిగిలే ఉంటుంది. ‘అన్నిటికీ’ అనాలంటే ఒక సంఖ్య నుంచి తర్వాతి సంఖ్యకు దారి వెయ్యాలి; అనుగమనం చేసేది అదే.

ఆ దారి ఇలా పడుతుంది. ఎన్ స్థానంలో కె ఉన్నప్పుడు మాట నిజమనీ, వచ్చిన సంఖ్య 64 టి అనీ అనుకుందాం. అప్పుడు 49 యొక్క కె‌వ ఘాతం ఒక్కదాన్నే విడదీస్తే 64 టి − 16 కె + 1. రుజువుకు ఆయువుపట్టు ఈ విడదీతే. లొంగని ఘాతాన్ని ఇది మామూలు కూడికలు, తీసివేతల్లోకి దించేసింది. తర్వాతి ఘాతం కోసం దీన్ని 49తో హెచ్చించి, 16 (కె + 1) కలిపి, 1 తీసేద్దాం. కె ఉన్న పదాల్లో −784 కె, +16 కె కలిసి −768 కె అవుతాయి. 768 అంటే 64 × 12. విడి సంఖ్యల్లో 49కి 15 (అంటే 16 − 1) కలిస్తే సరిగ్గా 64. ఎక్కడా శేషం లేదు. మొత్తం 64 × (49 టి − 12 కె + 1).

బ్రాకెట్‌లోది పైన చేసిన లెక్కలతో సరిచూడండి. టి 1, కె 1 అయితే 49 − 12 + 1 = 38. టి 38, కె 2 అయితే 1862 − 24 + 1 = 1839. పై భాగఫలాలే వచ్చాయి.

వేదపండితులకు పేరుపడ్డ మంథనిలో ఈ కూర్పు కొత్తగా అనిపించదు. వేదం వల్లించే క్రమపాఠంలో మొదటి పదం రెండోదానితో, రెండోది మూడోదానితో జతపడుతూ సాగుతుంది. అనుగమనంలోనూ ప్రతి సంఖ్య తన తర్వాతిదాన్ని పట్టుకునే ఉంటుంది.

అయితే మొదటిది నిలబడి తీరాలి. 4 యొక్క ఎన్‌వ ఘాతానికి 1 కలిపితే 3 భాగిస్తుందని ఎవరైనా అన్నారనుకోండి. కె దగ్గర అది 3 టి అయితే, తర్వాతిది 12 టి − 3; దాన్నీ 3 భాగిస్తుంది. జత చక్కగా కుదిరింది, కానీ ఎన్ 1 అయినప్పుడు వచ్చేది 5. ఆ మాట ఏ ధన పూర్ణాంకానికీ నిజం కాదు. పిల్లలు తేలిగ్గా తీసుకునే ఆ మొదటి పంక్తి లేకుంటే రుజువే లేదు.

ఇంతకీ ఈ 16 ఎక్కడిది? అనుగమనం మాట నిజమని తేలుస్తుంది గానీ, 16 ఎందుకో చెప్పదు. 49ని 1 + 48గా రాసి ద్విపద సిద్ధాంతం ప్రకారం విప్పితే 1, 48 ఎన్ వస్తాయి. ఆ తర్వాతి పదాలన్నిటిలో 48 × 48 ఉంటుంది. అది 2304, అంటే 64 × 36. కాబట్టి 64కి అడ్డొచ్చేవి 1, 48 ఎన్ మాత్రమే. 1ని తీసేశారు. 48కి 16 కలిపితే 64. లెక్క కూర్చినవాళ్లు ఎంత కొరత పడుతుందో చూసి, అంతే కలిపారు. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే.

ఇదే కుదురుతో మరొకటుంది: 4 యొక్క ఎన్‌వ ఘాతం + 15 ఎన్ − 1ని 9 భాగిస్తుంది. అక్కడ 15 తీసి 6 పెట్టినా చెల్లుతుంది. ఎందుకో కాగితం మీద మీరే తేల్చండి.